పీహెచ్ 8.2, ఆల్కలినిటీ 180 ఉన్న పూల్‌కి యాసిడ్ ఎంత వేయాలి, ఎలా వేయాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండి. 60 వేల లీటర్ల పూల్, లోపల సిమెంట్ ప్లాస్టర్, కిట్‌తో చూస్తే పీహెచ్ 8.2, టోటల్ ఆల్కలినిటీ (పీహెచ్ తేలిగ్గా మారకుండా పట్టి ఉంచే బైకార్బొనేట్ లాంటివి నీళ్లలో ఎంతున్నాయో చెప్పే లెక్క) 180 పీపీఎం, అంటే లీటర్‌కి 180 మిల్లీగ్రాములు, నీళ్లు కాస్త మసకగా ఉన్నాయి, టైల్స్ అంచున తెల్లగా గార కడుతోంది, క్లోరిన్ ఎంత వేసినా పనిచేస్తున్నట్టు లేదు. 30 శాతం పైన ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ డబ్బా తెచ్చి పెట్టుకున్నారు, దాన్ని స్కిమ్మర్‌లో (పూల్ అంచున పైనీళ్లని పంప్‌కి లాగే, బుట్ట ఉన్న గూడు) పోయాలా పూల్‌లో పోయాలా, ఎంత పోయాలి, క్లోరిన్‌తో పాటు ఒకేసారి వేసేస్తే అయిపోదా, లేకపోతే ఆటోమేటిక్ డోసింగ్ పంప్ పెట్టించేసుకుంటే ఈ తలనొప్పి ఉండదా అని.

ముందు సూటిగా చెప్పేస్తా. క్లోరిన్‌తో కలిపి వెయ్యొద్దు, స్కిమ్మర్‌లో పొయ్యొద్దు, డబ్బా మొత్తం పొయ్యొద్దు. పూల్‌లో ఎవరూ లేనప్పుడు, పంప్ నడుస్తుండగా, బకెట్లో పూల్ నీళ్లు తీసుకుని అందులో యాసిడ్ కలిపి, లోతు ఎక్కువున్న వైపు రిటర్న్ (ఫిల్టర్ అయిన నీళ్లు తిరిగి పూల్‌లోకి వచ్చే మూతి) నీళ్లు తోసుకొచ్చే చోట నెమ్మదిగా పోయండి. ఇవాళ్టికి 700 మి.లీ. చాలు. నాలుగైదు గంటలు పంప్ తిరిగాక మళ్లీ టెస్ట్ చేసి, పీహెచ్ ఇంకా 7.6 పైనే ఉంటే ఇంకో 600. ఇవాళ చేయాల్సింది ఇంతే, ఆల్కలినిటీ సంగతి తర్వాత కొన్ని వారాల్లో మెల్లగా చూసుకోవచ్చు.

ఈ అంకెలు ఎక్కడివి అంటారేమో. 31 శాతం యాసిడ్ లీటర్‌కి దాదాపు 10 మోల్స్ (రసాయనాల మొత్తాన్ని లెక్కపెట్టే కొలత) ఉంటుంది. మీ ఆల్కలినిటీ దగ్గర పీహెచ్‌ని 8.2 నుంచి 7.5కి దించాలంటే ప్రతి 10 వేల లీటర్లకి సుమారు 210 మి.లీ. పడుతుంది, 60 వేలకి లీటరుంపావు చిల్లర. అదే ఆల్కలినిటీ 100 ఉన్న పూల్ అయితే ఇంత పట్టదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, పక్కింటి పూల్‌కి అర లీటర్ పోశారంటే మనకీ అర లీటర్ అనుకుంటారు. పీహెచ్ ఒకటే తెలిస్తే యాసిడ్ ఎంతో చెప్పలేం, ఆల్కలినిటీ కూడా తెలియాలి, నీళ్లు ఎన్ని లీటర్లో తెలియాలి, డబ్బా మీద శాతం చూడాలి. సగం బలం ఉన్న యాసిడ్ కూడా అమ్ముతారు, 15 శాతం లోపు, అదైతే ఈ లెక్క రెట్టింపు అవుతుంది.

ఇంకో సంగతి, మీ కిట్ 8.2 చూపించిందంటే 8.2 అనే నమ్మేయకండి. ఫినాల్ రెడ్ చుక్కలతో చేసే కిట్లలో చాలావాటికి రంగుల స్కేల్ అక్కడితోనే ఆగిపోతుంది. అసలు పీహెచ్ 8.5 ఉన్నా అదే ముదురు రంగు కనపడుతుంది. అందుకే మొదటి డోస్ వేశాక వచ్చే రీడింగ్‌నే నేను ఎక్కువ నమ్ముతా. అలాగే క్లోరిన్ బాగా ఎక్కువ ఉన్నప్పుడు, అంటే 10 పీపీఎం దాటితే, ఆ చుక్కలు ఊదారంగుకి తిరిగి పీహెచ్ ఎక్కువున్నట్టు అబద్ధం చెప్తాయి. మీరు క్లోరిన్ పోస్తూనే ఉన్నా పనిచేయట్లేదు అన్నారు కాబట్టి ముందు క్లోరిన్ ఎంతుందో చూసి అప్పుడు పీహెచ్ చూడండి. శాంపిల్ పైపైన తీయకండి, మోచేయి దాకా చెయ్యి ముంచి, రిటర్న్‌కి దూరంగా తీయండి.

క్లోరిన్ ఎందుకు పనిచేయట్లేదో కూడా ఇక్కడే ఉంది. నీళ్లలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి క్రిముల్ని గట్టిగా చంపేది, ఇంకోటి బద్ధకంగా కూర్చునేది. పీహెచ్ 7.5 దగ్గర సగం సగం ఉంటాయి, 8.2కి వెళ్లేసరికి చంపే రకం అయిదో వంతు కూడా మిగలదు. స్టెబిలైజర్, అంటే ఎండకి క్లోరిన్ పోకుండా కాపాడే సయాన్యూరిక్ యాసిడ్ ఉన్న పూల్స్‌లో ఈ తేడా ఇంత ఘోరంగా ఉండదు, కానీ ఉంటుంది. మీ గార సంగతి కూడా అంతే, పీహెచ్, ఆల్కలినిటీ రెండూ ఎక్కువైతే కాల్షియం నీళ్లలో నిలవలేక గోడకి, టైల్‌కి, హీటర్ ఉంటే దాని లోపలికి పట్టేస్తుంది.

ఇప్పుడు చేతుల పని. యాసిడ్ వల్ల దెబ్బ తిన్నవాళ్లలో నేను చూసినవాళ్లెవరూ పూల్ నీళ్ల వల్ల తినలేదు, 60 వేల లీటర్లలో కలిసిపోయాక దాని ఊసే ఉండదు. ప్రమాదం అంతా డబ్బా మూత తీసిన దగ్గర్నుంచి బకెట్ ఖాళీ అయ్యేదాకా ఉన్న ఆ పది నిమిషాల్లోనే. కాబట్టి నా ఓపికంతా అక్కడే పెడతా.

కళ్లకి పక్కలు కూడా మూసుండే కెమికల్ గాగుల్స్ పెట్టుకోండి, మామూలు కళ్లజోడు పనికిరాదు. చేతులకి మందంగా పొడుగ్గా ఉండే నైట్రైల్ లేదా పీవీసీ గ్లోవ్స్, డాక్టర్లు వాడే పల్చటివి కాదు. పొడుగు చేతుల చొక్కా, కాళ్లు మూసే బూట్లు. చాలామంది పూల్ దగ్గర కదా అని చెప్పుల్లేకుండా నిక్కరు మీదే పోసేస్తారు, చుక్క పడేది సరిగ్గా పాదం మీదే. మొదలుపెట్టే ముందే దగ్గర్లో నీళ్లు వచ్చే పైపు ఒకటి పెట్టుకోండి. కంట్లో పడ్డాక కుళాయి వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

గాలి ఎటు వీస్తుందో చూసి, గాలి మీ వీపుకి తగిలేలా నిలబడండి. ఎండలో ఉన్న డబ్బా లోపల ఆవిరి ఒత్తిడి ఉంటుంది, మూత గబుక్కున తిప్పితే బుస్సుమని మొహం మీదకి వస్తుంది, కాబట్టి డబ్బాని నేల మీదే ఉంచి, మొహం పక్కకి తిప్పి, మూత కొంచెం వదులు చేసి ఒక క్షణం ఆగి అప్పుడు పూర్తిగా తీయండి. తెల్లటి పొగ లేస్తుంది, అది యాసిడ్ ఆవిరి గాల్లో తేమతో కలిసినది, కంగారు పడక్కర్లేదు కానీ పీల్చొద్దు. వంచేటప్పుడు డబ్బా మూతి పైవైపుకి ఉండేలా పట్టుకుని వంచండి, అప్పుడు గాలి లోపలికి సాఫీగా వెళ్తుంది, గుడగుడమని ఎగిరిపడదు. మూతి కిందవైపుకి పెట్టి వంచితే ప్రతి గుటకకీ చుట్టూ చుక్కలు చిమ్ముతాయి. కొలవడానికి ప్లాస్టిక్ మగ్గు, గీతలున్నది, యాసిడ్‌కి మాత్రమే వాడేది, దాని మీద యాసిడ్ అని పెయింట్‌తో రాసి పెట్టుకోండి.

బకెట్లో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. తిరగేసి చెయ్యొద్దు. యాసిడ్‌లో నీళ్లు పోస్తే పడినచోటే వేడెక్కి పైకి చిమ్ముతుంది. 10 లీటర్ల నీళ్లకి 700 మి.లీ. అంటే బాగా పల్చనవుతుంది, చేతికి భద్రం, ప్లాస్టర్‌కీ భద్రం. బకెట్ ప్లాస్టిక్‌దే, ఇనుము, అల్యూమినియం వద్దు. తర్వాత బకెట్‌ని నీళ్లకి దగ్గరగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని, అంచు వెంబడి నడుస్తూ సన్నటి ధారగా పోయండి. పైనుంచి పోస్తే చిమ్ముతుంది. అయిపోయాక బకెట్, మగ్గు రెండూ పూల్ నీళ్లలోనే ముంచి కడిగేయండి.

ఒకే చోట గుమ్మరిస్తే ఆల్కలినిటీ ఎక్కువ దిగుతుంది, నడుస్తూ పోస్తే పీహెచ్ ఎక్కువ దిగుతుంది అని ఒక మాట ఈ ఫీల్డ్‌లో బాగా తిరుగుతుంటుంది. పాతవాళ్లు కూడా చెప్తారు. అది నిజం కాదండి. ఎలా పోసినా కలిసిపోయాక రెండూ అంతే దిగుతాయి. గుమ్మరిస్తే జరిగేది ఒక్కటే, యాసిడ్ నీళ్లకన్నా బరువు కాబట్టి నేరుగా అడుక్కి వెళ్లి అక్కడ ప్లాస్టర్‌ని తినేస్తుంది. లోతు వైపు అడుగున అరచేయంత మేర గరుకుగా, రంగు వెలిసిపోయి మచ్చ కనపడితే అక్కడ ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి పోశారని చెప్పేయొచ్చు.

స్కిమ్మర్ ఎందుకు వద్దన్నానంటే, అందులో పోసింది పల్చబడకుండానే పంప్‌లోకి, ఫిల్టర్‌లోకి, హీటర్‌లోకి వెళ్తుంది. పంప్ సీల్ పాడవుతుంది, హీటర్‌లో రాగి గొట్టాలు కరిగి ఆ రాగే వచ్చి గోడల మీద నీలం పచ్చ మరకలుగా కూర్చుంటుంది. అంతకన్నా ముఖ్యం, చాలామంది స్కిమ్మర్ బుట్టలోనే క్లోరిన్ టాబ్లెట్ పెడతారు. దాని మీద యాసిడ్ పడితే అక్కడికక్కడ క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం కాబట్టి కొంచెం ఆగుతా. యాసిడ్, క్లోరిన్ ఎప్పుడూ ఒకదాన్నొకటి తాకకూడదు. పొడి అయినా, ద్రవం అయినా, టాబ్లెట్ అయినా. ఒకే బకెట్లో కాదు సరికదా, క్లోరిన్ కొలిచిన మగ్గుతో యాసిడ్ కొలవడం కూడా వద్దు. ఒక చోట పూల్ చూసుకునే కుర్రాడు క్లోరిన్ పొడి తీసిన మగ్గులో అడుగున గార పట్టిందని, దాన్ని వదిలించడానికి కాస్త యాసిడ్ పోసి తిప్పాడు. మగ్గులో మిగిలింది చెంచాడు పొడి కూడా ఉండదు. పచ్చటి పొగ లేచింది, ఆ గదిలోంచి దగ్గుతూ బయటికి పరిగెత్తాడు, రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చిన్న గది, మూసిన తలుపు, చెంచాడు పొడి, అంతే. క్లోరిన్ గ్యాస్ గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలకి అంటుకుని ఉంటుంది, కాబట్టి ఎప్పుడైనా అలా జరిగితే వంగి ఏదో సర్దడానికి చూడకుండా బయటికి, గాలికి ఎదురువైపుకి, ఎత్తుగా ఉన్న చోటికి వెళ్లిపోవాలి. ఆ కాసేపటికి బాగానే ఉందనిపించినా డాక్టర్‌కి చూపించుకోవాలి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు.

మరి రెండూ ఒకే రోజు వెయ్యొద్దా అంటే వెయ్యొచ్చు, యాసిడ్ వేశాక పంప్ ఒక అరగంట, గంట తిరిగి బాగా కలిశాక అప్పుడు క్లోరిన్. పూల్ నీళ్లలో పల్చబడ్డాక రెంటికీ గొడవ లేదు. యాసిడ్ ముందే వెయ్యడం మేలు, పీహెచ్ దిగాక వేసిన క్లోరిన్ బాగా పనిచేస్తుంది. ఈతకి దిగడం కూడా కనీసం ఒక గంట ఆగి, పీహెచ్ 7.2 నుంచి 7.8 లోపు ఉందని చూసుకున్నాకే.

ఇక మీ ఆల్కలినిటీ 180. దాన్ని 100కి దించాలంటే లెక్క ప్రకారం 10 పీపీఎంకి ప్రతి 10 వేల లీటర్లకి 200 మి.లీ. చొప్పున, 80 పీపీఎంకి మీ పూల్‌లో మొత్తం 9.6 లీటర్లు పడుతుంది. ఈ అంకె చూసి సరే ఒకేసారి పోసేద్దాం అనుకుంటే మాత్రం పీహెచ్ 6.5 కిందకి పడిపోతుంది, ప్లాస్టర్, హీటర్, దిగినవాళ్ల కళ్లు అన్నీ దెబ్బతింటాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క ముక్క చాలు. యాసిడ్ పీహెచ్‌ని, ఆల్కలినిటీని రెంటినీ దించుతుంది. గాలి పీహెచ్‌ని మాత్రమే పెంచుతుంది, ఆల్కలినిటీని ముట్టుకోదు. యాసిడ్ వేసినప్పుడు నీళ్లలో బైకార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, సోడా సీసాలో ఉన్నట్టు అది నీళ్లలోనే కరిగి ఉండి పీహెచ్‌ని కిందికి పట్టి ఉంచుతుంది. నీళ్లని ఆడిస్తే ఆ గ్యాస్ లేచిపోతుంది, పీహెచ్ తనంతట తనే పైకొస్తుంది, విరిగిన ఆల్కలినిటీ మాత్రం మళ్లీ రాదు. కాబట్టి పద్ధతి ఏంటంటే, పీహెచ్‌ని యాసిడ్‌తో 7.2 దాకా దించండి, రిటర్న్ మూతుల్ని పైకి తిప్పి నీటి పైభాగం మరిగినట్టు అల్లాడేలా చెయ్యండి, ఫౌంటెన్ లాంటిదేమైనా ఉంటే నడపండి, పీహెచ్ 7.6, 7.8కి ఎక్కగానే మళ్లీ యాసిడ్. ఇలా తిప్పుతూ పోతే ఆల్కలినిటీ మెట్టు మెట్టుగా దిగుతుంది. తొందరేం లేదు. అసలు 100 అనే అంకెని పట్టుకుని వేలాడక్కర్లేదు, 80 నుంచి 120 మధ్య ఎక్కడో ఒకచోట పీహెచ్ రోజూ ఎగబాకడం ఆగి వారానికో చిన్న డోస్‌తో నిలబడుతుంది, అక్కడ ఆపేయండి. పొరపాటున 60 కిందకి పోయిందనుకోండి, వంట సోడా వేస్తే పెరుగుతుంది.

మీ పీహెచ్ అసలు ఎందుకు పెరుగుతోందనేది కూడా దీన్లోనే ఉంది, ఆల్కలినిటీ ఎక్కువున్న నీళ్లు కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతూనే ఉంటాయి. వాటర్‌ఫాల్, ఉప్పుతో క్లోరిన్ చేసే మెషీన్, ఈ మధ్యే చేసిన కొత్త ప్లాస్టర్, వీటిల్లో ఏదున్నా ఇంకా వేగంగా పెరుగుతుంది. కొత్త ప్లాస్టర్ అయితే సున్నం వదులుతుంది కాబట్టి మొదటి కొన్ని నెలలు యాసిడ్ తరచుగా పడుతుంది, భయపడకండి.

పొడి యాసిడ్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి. సోడియం బైసల్ఫేట్ అని గింజల్లా వస్తుంది, పొగ ఉండదు, ఇంట్లో పెట్టుకోవడానికి తేలిక. కానీ సల్ఫేట్ నీళ్లలో పేరుకుంటుంది, సిమెంట్ ప్లాస్టర్‌కి అది మంచిది కాదు, ఉప్పు మెషీన్ సెల్‌కీ మంచిది కాదు. మీది ప్లాస్టర్ కాబట్టి ద్రవమే వాడండి. బ్యాటరీ యాసిడ్ జోలికి అసలు వెళ్లొద్దు. ఇంకా, బాత్రూమ్ కడిగే పసుపుపచ్చ యాసిడ్ కూడా ఇదే కదా అంటారు, ఇనుము కలిసి ఉండటం వల్ల కూడా ఆ పసుపు రావచ్చు, కొన్నిట్లో సబ్బు లాంటివి కలుపుతారు, అది పూల్‌లో పోస్తే మరకలో నురగో వస్తుంది.

దాచడం. యాసిడ్‌ని పంప్ గదిలో పెట్టకండి. మూత గట్టిగా బిగించినా ఆవిరి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. ఒక గదిలో నేను లోపలికెళ్లి చూస్తే మోటార్ మీద స్క్రూలు, ప్యానెల్ బోర్డు లోపల టెర్మినల్స్, గోడకి తగిలించిన స్పానర్లు అన్నీ ఎర్రగా పొడి రాలుతున్నాయి, పైపు లీకనుకుని మెకానిక్‌ని పిలుచుకుంటూ ఉన్నారట. మూలన నేల మీద యాసిడ్ డబ్బా, దానికి పై అరలో క్లోరిన్ పొడి. ఆ రెండోది ఇంకా భయపెట్టింది నన్ను. యాసిడ్ బయట నీడలో, గాలి ఆడే చోట, తాళం వేసిన ప్లాస్టిక్ పెట్టెలో, నేల మీదే, కింద ఒక టబ్బు పెట్టి. క్లోరిన్ వేరే చోట, పొడిగా. మంచినీళ్ల సీసాల్లోకి యాసిడ్ పోసి పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, పిల్లలున్న ఇల్లయితే మరీను.

ఒంటి మీద పడితే వెంటనే బట్టలు తీసేసి ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగండి, కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని 15, 20 నిమిషాలు కడిగి అప్పుడు ఆసుపత్రికి, కడగకుండా పరిగెత్తొద్దు. ఒంటి మీద వంట సోడా రుద్దడం లాంటివి చెయ్యొద్దు, ఆ సోడా నేల మీద ఒలికినదానికి. నేల మీద పడితే సోడా చల్లండి, నురగ రావడం ఆగేదాకా చల్లి తర్వాత బాగా నీళ్లు కొట్టండి. మింగితే వాంతి చేయించొద్దు, నేరుగా ఆసుపత్రికి.

డోసింగ్ పంప్ మంచిదే, నేను పెద్ద పూల్స్‌కి అదే చెప్తా. కానీ మెయిన్ పంప్ ఆగితే డోసింగ్ కూడా దానంతట అదే ఆగాలి, నీళ్లు నిజంగా పారుతున్నాయో లేదో చూసే ఫ్లో స్విచ్‌తో కట్ అవ్వాలి, టైమర్ ఒక్కటే చాలదు. లేకపోతే ఏమవుతుందంటే, ఫిల్టర్ కడగడానికి మెయిన్ పంప్ ఆపుతారు, యాసిడ్, క్లోరిన్ రెండు చిన్న పంపులూ మాత్రం కదలని పైపులోకి పోస్తూనే ఉంటాయి, రెండూ పైపులో కలిసి గ్యాస్ అయ్యి కూర్చుంటాయి. తర్వాత మెయిన్ పంప్ ఆన్ చెయ్యగానే అదంతా రిటర్న్ మూతుల్లోంచి ఈదుతున్నవాళ్ల మొహాల మీదకి వస్తుంది. పబ్లిక్ పూల్స్‌లో ఇలాంటివి చాలా దేశాల్లో జరిగాయి. పెట్టించేవాళ్లని ముందే అడగండి, పంప్ ఆపి చూపించమనండి, డోసింగ్ ఆగిందో లేదో మీ కళ్లతో చూడండి. యాసిడ్ లైన్, క్లోరిన్ లైన్ పైపుకి ఒకదానికొకటి దూరంగా, హీటర్ దాటాక పెట్టించండి.

గార విషయంలో పీహెచ్, ఆల్కలినిటీతో పాటు కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన కాల్షియం ఎంతో), నీళ్ల వేడి కూడా కలిపి చూడాలి. 1936లో లాంగ్లియర్ అనే ఇంజినీర్ నీటి సరఫరా పైపుల కోసం వేసిన, నీళ్లు గార కడతాయా లేదా అని చెప్పే ఇండెక్స్ లెక్కనే ఇప్పటికీ పూల్స్‌కి వాడుతున్నాం. మీరు హార్డ్‌నెస్ రీడింగ్ ఇవ్వలేదు, సయాన్యూరిక్ యాసిడ్ రీడింగూ ఇవ్వలేదు. సయాన్యూరిక్ 100 దాటి ఉంటే క్లోరిన్ పనిచేయకపోవడానికి అసలు కారణం అదే అయ్యుండొచ్చు, పైగా మీ 180 ఆల్కలినిటీలో దాని వాటా కూడా కలిసి ఉంటుంది, సుమారుగా సయాన్యూరిక్ అంకెలో మూడో వంతు తీసేసి చూసుకోవాలి. అప్పుడు పైన చెప్పిన 9.6 లీటర్లు కూడా మారిపోతుంది. ఇవాళ్టి 700 మాత్రం నిక్షేపంగా వెయ్యొచ్చు. సాయంత్రం వచ్చే పీహెచ్, ఈ రెండు రీడింగులు, మీ క్లోరిన్ టాబ్లెట్టా పొడా అన్నదీ ఇక్కడే కింద పెట్టండి, మిగతా డోస్ చూసి చెప్తా.